ర్యామ్ ఫ్యాన్ మోత: తీసేయడమా, నెమ్మది చేయడమా, మార్చడమా?

డెస్క్‌టాప్‌లో ఉండే ఫ్యాన్లన్నిటిలో చిన్నది ర్యామ్ ఫ్యాన్. చెవికి ఎక్కువ బాధ కలిగించేది కూడా చాలాసార్లు అదే. ర్యామ్ స్టిక్కుల మీద క్లిప్పులతో కూర్చునే చిన్న ఫ్రేము, అందులో రెండో మూడో బుల్లి ఫ్యాన్లు, వాటన్నిటికీ కలిపి ఒకే వైరు. ఎండాకాలమంతా సీలింగ్ ఫ్యాన్, కూలర్ హోరులో దాని ఊసే మనకు తెలియదు. నవంబరులో ఏదో ఒక రాత్రి సీలింగ్ ఫ్యాన్ ఆపి పీసీ ముందు కూర్చుంటే మాత్రం జోరీగలా చెవి చుట్టూ తిరుగుతుంది.

దీన్ని వదిలించుకోవడానికి దారులు చాలానే ఉన్నాయి. ఫ్యాన్ మొత్తానికే తీసేయవచ్చు, బయోస్‌లో (పీసీ ఆన్ కాగానే తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల్లో) వేగం తగ్గించవచ్చు, మధ్యలో కరెంటును అడ్డుకునే రెసిస్టర్ పెట్టవచ్చు, ఎస్ఎంపీఎస్ (పవర్ సప్లై) నుంచి 5 వోల్టులు ఇవ్వవచ్చు, బేరింగ్‌కు నూనె వేయవచ్చు, దాని బదులు పెద్ద ఫ్యాన్ పెట్టవచ్చు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎక్కువమందికి ఆ ఫ్యాన్ అసలు అక్కర్లేదు. అవసరం ఉన్నవాళ్లలో కూడా ఎక్కువమందికి దాని వైరును సరైన చోట పెట్టి, బయోస్‌లో ఒక్క సెట్టింగ్ మారిస్తే సరిపోతుంది. వైర్లు కోసి అతికించే పనులన్నీ ఆ తర్వాతి మాట.

ముందు తేల్చుకోవాల్సింది: అది మీకు కావాలా?

ర్యామ్‌కు విడిగా ఫ్యాన్ పెట్టే అలవాటు డీడీఆర్2 తరం ర్యామ్ రోజుల్లో బాగా పెరిగింది. ప్రమాణం ప్రకారం డీడీఆర్2కు 1.8 వోల్టులు చాలు. కానీ ఓవర్‌క్లాకింగ్ (నిర్ణీత వేగం కంటే ఎక్కువగా నడపడం) చేసేవాళ్ల కోసం అమ్మిన కిట్లకు 2.1 వోల్టులు, కొన్నిటికి అంతకంటే ఎక్కువే ఇవ్వాల్సి వచ్చేది. వోల్టేజి పెరిగితే వేడి దాని వర్గం (స్క్వేర్) లెక్కన పెరుగుతుంది. కోర్సెయిర్ కంపెనీ డామినేటర్ స్టిక్కుల మీద కూర్చునే మూడు 40 మిల్లీమీటర్ల ఫ్యాన్ల ఫ్రేము, జీ.స్కిల్ కంపెనీ టర్బులెన్స్ ఫ్యాన్ లాంటి సరుకు అలా వచ్చిందే. తర్వాత డీడీఆర్3కి 1.5 వోల్టులు, డీడీఆర్4కి 1.2, డీడీఆర్5కి 1.1 అంటూ ప్రతి తరంలోనూ వోల్టేజి దిగుతూ వచ్చింది. మామూలు సెట్టింగుల్లో ఒక్కో స్టిక్కు తినేది కొద్ది వాట్లే. క్యాబినెట్‌లో ముందు నుంచి ఒక ఫ్యాన్ గాలి లోపలికి నెడుతూ, వెనక నుంచి ఒకటి బయటికి లాగుతూ ఉంటే డీడీఆర్3, డీడీఆర్4 స్టిక్కులకు అదే ఎక్కువ.

డీడీఆర్5 దగ్గర కథ కొంచెం వెనక్కి తిరిగింది. అంతకుముందు మదర్‌బోర్డు మీద ఉండే వోల్టేజి నియంత్రణ చిప్పు ఇప్పుడు స్టిక్కు మీదికే వచ్చింది. దాని వేడి కూడా స్టిక్కుకే. పైగా ర్యామ్‌ను ఎక్కువ వేగంతో నడిపే రెడీమేడ్ సెట్టింగులు, అంటే ఎక్స్ఎంపీ, ఎక్స్‌పో ప్రొఫైళ్లు, 1.35, 1.4 వోల్టులు అడుగుతున్నాయి. అందుకే ఈమధ్య ర్యామ్ ఫ్యాన్లు మళ్లీ షాపుల్లో కనబడుతున్నాయి.

వేడెక్కితే ర్యామ్‌కు ఏమవుతుందో తెలిస్తే నిర్ణయం తేలికవుతుంది. ర్యామ్‌లో ప్రతి బిట్టూ ఒక అతిచిన్న కెపాసిటర్‌లో ఛార్జిగా ఉంటుంది. ఆ ఛార్జి నెమ్మదిగా కారిపోతుంది కాబట్టి దాన్ని పదే పదే నింపుతూ ఉండాలి. దీన్నే రిఫ్రెష్ అంటారు. వేడి పెరిగినకొద్దీ కారడం కూడా పెరుగుతుంది. మెమరీ ప్రమాణాలు తయారుచేసే సంస్థ జెడెక్ లెక్కలో డీడీఆర్3, డీడీఆర్4 చిప్పులకు 85 డిగ్రీల వరకు 7.8 మైక్రోసెకన్లకో రిఫ్రెష్ చాలు. 85 దాటి 95 దాకా వెళ్తే 3.9 మైక్రోసెకన్లకు ఒకటి కావాలి. అంటే మామూలు వాడకంలో మీ స్టిక్కు 50, 55 డిగ్రీల దగ్గర ఉంటే కంగారు పడేదేమీ లేదు. చేతికి వేడిగా తగలడం వేరు, చిప్పుకు ప్రమాదం కావడం వేరు.

ఇందులో మినహాయింపు ఒక్కటే. బయోస్‌లో టీఆర్ఈఎఫ్ఐ అనే విలువను 65535 దాకా పెంచి వేగం పిండుకునేవాళ్లు ఉంటారు. వాళ్లు చేస్తున్నది రిఫ్రెష్‌ల మధ్య దూరాన్ని సాగదీయడమే. అప్పుడు 85 అనే లెక్క పనికిరాదు. 50లు దాటేసరికే తప్పులు మొదలవ్వవచ్చు. మీరు ఆ కోవలో ఉంటే ఫ్యాన్ తీయకండి, నేరుగా ‘చిన్న ఫ్యాన్ ఎందుకంత గోల చేస్తుంది’ అన్న భాగానికి వెళ్లండి.

ప్రాసెసర్ మీద ఎలాంటి కూలర్ ఉందో కూడా చూడాలి. టవర్ కూలర్ (నిటారుగా నిలబడే రేకుల దిమ్మె) ఉంటే దాని ఫ్యాన్ ర్యామ్ పక్కనే తిరుగుతూ ఉంటుంది, ఆ ఊపుకు స్టిక్కుల మధ్య గాలి ఎలాగూ ఆడుతుంది. కిందికి ఊదే పాత స్టాక్ కూలర్లు (ప్రాసెసర్‌తో పాటే పెట్టెలో వచ్చేవి) కూడా ర్యామ్‌కు మంచివే. లిక్విడ్ కూలర్ పెట్టినచోట మాత్రం ప్రాసెసర్ చుట్టుపక్కల గాలి కదలిక బాగా తగ్గిపోతుంది. దాని కింద పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉంటే ఇంకా కష్టం. 2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3080 ఫౌండర్స్ ఎడిషన్ లాంటి కార్డులు గాలిని తమలోంచే పైకి తోస్తాయి. ఆ వేడి గాలి సరిగ్గా ర్యామ్ వైపే వెళ్తుంది.

ఇక పరీక్ష. పీసీ ఆపి, గోడ దగ్గర ప్లగ్గు తీసి, ర్యామ్ ఫ్యాన్ వైరు ఊడదీయండి. తర్వాత ర్యామ్‌లో తప్పులు వెతికే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామును రాత్రంతా నడపండి. అక్కడితో ఆగితే సరిపోదు, ఎందుకంటే ఆ పరీక్షలో గ్రాఫిక్స్ కార్డు చల్లగా ఖాళీగా కూర్చుంటుంది. మీరు రోజూ చేసే బరువైన పని, అంటే గేమో వీడియో రెండరింగో, గంటసేపు చేసి ఉష్ణోగ్రత చూడండి. డీడీఆర్5 స్టిక్కుల్లో సెన్సార్ ఉంటుంది కాబట్టి పీసీ సెన్సార్లను చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌లో అంకె కనబడుతుంది. డీడీఆర్4లో కొన్నిటికి ఉంటుంది, చాలావాటికి ఉండదు. సెన్సార్ లేనివాళ్లు పీసీ ఆపిన వెంటనే, ముందు క్యాబినెట్ ఇనుమును ఒకసారి తాకి, తర్వాత స్టిక్కు మీది లోహపు పట్టీ మీద వేలు పెట్టి చూడండి. కొన్ని సెకన్లు వేలు ఉంచగలిగితే భయం లేదు. కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్ ఈ పనికి రాదు. అది ఒంటి జ్వరం స్థాయి అంకెలకే లెక్క కట్టి ఉంటుంది. పైగా మెరిసే లోహం మీద అలాంటి పరికరాలు తప్పు చెబుతాయి.

తప్పులేమీ రాలేదు, వేడి హద్దులోనే ఉంది అంటే ఫ్యాన్‌ను డబ్బాలో పెట్టేసి ఈ వ్యాసం ఇక్కడితో ఆపేయవచ్చు. మోత తగ్గించడానికి ఇంతకంటే చవకైన, నమ్మకమైన మార్గం లేదు.

చిన్న ఫ్యాన్ ఎందుకంత గోల చేస్తుంది

ఫ్యాన్ అవసరమే అని తేలినవాళ్లకు ఇది తెలియాలి. 40 మిల్లీమీటర్ల ఫ్యాన్ గాలి కదిలించాలంటే వేగంగా తిరగక తప్పదు. నిమిషానికి 6000 చుట్లు తిరిగే ఏడు రెక్కల ఫ్యాన్‌ను తీసుకోండి. సెకనుకు 100 చుట్లు, ఏడు రెక్కలు, అంటే 700 హెర్ట్జ్ దగ్గర ఒక సన్నని స్వరం. అదే ఏడు రెక్కల 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ 800 చుట్ల దగ్గర తిరిగితే వచ్చేది 93 హెర్ట్జ్. మన చెవి 93 హెర్ట్జ్‌ను పెద్దగా పట్టించుకోదు, 700ను వదిలిపెట్టదు. డెసిబెల్ అంకె ఒకటే అయినా చిన్న ఫ్యాన్ ఎక్కువ విసిగించేది ఇందుకే. అట్ట మీద రాసిన డెసిబెల్ అంకె చూసి కొనేవాళ్లు ఇక్కడే మోసపోతారు.

మంచి వార్త ఏమిటంటే వేగం కొంచెం తగ్గించినా మోత చాలా తగ్గుతుంది. కదిలే గాలి ఫ్యాన్ వేగంతో సమానంగా తగ్గుతుంది, మోత అంతకంటే తొందరగా పడిపోతుంది. వేగాన్ని 70 శాతానికి దించితే సుమారు 8 డెసిబెళ్లు, సగానికి దించితే సుమారు 15 డెసిబెళ్లు తగ్గుతాయి. మూడు ఫ్యాన్ల ఫ్రేములో ఒకదాన్ని ఆపేయడం కంటే మూడిటినీ నెమ్మదిగా తిప్పడం ఎన్నో రెట్లు మేలు. ఒకే మోత చేసే రెండు ఫ్యాన్లలో ఒకటి ఆపితే తగ్గేది 3 డెసిబెళ్లే.

వేగం వల్ల వచ్చే మోత ఒకటైతే, చెడిపోవడం వల్ల వచ్చే మోత మరొకటి. ఈ రెండిటినీ కలిపేసుకోకండి. నిలకడగా ఈల వేస్తున్నట్టు ఉంటే అది వేగం. గరగర, కటకట, ఉదయం పీసీ వేయగానే ఎక్కువగా ఉండి కాసేపటికి తగ్గడం, ఇవి బేరింగ్ అరిగిన గుర్తులు. జుయ్‌మని వణుకుతూ ఉండి, పొడి వేలితో ఫ్రేమును అంచు దగ్గర కొద్దిగా నొక్కగానే స్వరం మారితే అది వదులైన క్లిప్పు. వదులైన క్లిప్పుకు మందు చాలా తేలిక. ఫ్రేము కాలు ర్యామ్ స్లాట్ మీద ఆనే చోట పాత సైకిల్ ట్యూబ్ ముక్క సన్నగా కోసి పెడితే చాలు.

వైరు ఎక్కడ పెట్టాలి

ర్యామ్ ఫ్యాన్లకు ఎక్కువగా మూడు పిన్నుల కనెక్టరే వస్తుంది. ఒక పిన్ను గ్రౌండ్, ఒకటి 12 వోల్టులు, మూడోది ఫ్యాన్ ఎంత వేగంతో తిరుగుతోందో మదర్‌బోర్డుకు చెప్పేది. ఈ మూడో తీగ ఒక్కో చుట్టుకు రెండు పల్సులు పంపుతుంది, బోర్డు వాటిని లెక్కపెట్టి వేగం చూపిస్తుంది. ఫ్రేములో మూడు ఫ్యాన్లున్నా ఈ తీగ ఒక్కదాని నుంచే వస్తుంది. కాబట్టి బయోస్‌లో వేగం బాగానే కనబడుతున్నా మిగతా రెండూ ఆగిపోయి ఉండవచ్చు. అప్పుడప్పుడు మూత తీసి కంటితో చూసుకోవాల్సిందే.

నాలుగు పిన్నుల ఫ్యాన్లలో అదనంగా పీడబ్ల్యూఎమ్ (వేగాన్ని సంకేతంతో చెప్పే పద్ధతి) తీగ ఉంటుంది. అక్కడ 12 వోల్టులు ఎప్పుడూ నిండుగానే వస్తాయి, వేగం ఎంతో ఆ నాలుగో తీగ మీద వచ్చే సంకేతం చెబుతుంది. మూడు పిన్నుల కనెక్టరు నాలుగు పిన్నుల చోట హాయిగా కూర్చుంటుంది, గాడి తప్పుగా పెట్టనివ్వదు. కూర్చుంది కదా అని అందరూ మూత బిగించేస్తారు. సగం మోతలకు కారణం అదే. బోర్డు ఆ చోటును పీడబ్ల్యూఎమ్ పద్ధతిలో నడుపుతుంటే, నాలుగో తీగ లేని ఫ్యాన్‌కు నిండు 12 వోల్టులు అందుతూనే ఉంటాయి. బయోస్‌లో వేగం గీతను (ఎంత వేడికి ఎంత వేగమో చూపే గ్రాఫును) ఎంత కిందికి లాగినా ఫ్యాన్‌కు తెలియదు. బయోస్‌లో ఆ చోటును డీసీ (వోల్టేజితో వేగం మార్చే) పద్ధతికి మార్చగానే బోర్డు వోల్టేజినే తగ్గించడం మొదలుపెడుతుంది, ఫ్యాన్ మాట వింటుంది.

ఏ పిన్నులకు పెట్టాలన్నదీ ముఖ్యమే. సిస్ ఫ్యాన్ (SYS FAN) అనో, ఛా ఫ్యాన్ (CHA FAN) అనో బోర్డు మీద రాసి ఉన్నవి మీకు కావాల్సినవి. సీపీయూ ఫ్యాన్ అని ఉన్నది ప్రాసెసర్ కూలర్‌కు వదిలేయండి. దాన్ని ఖాళీ చేస్తే చాలా బోర్డులు ఆన్ చేయగానే సీపీయూ ఫ్యాన్ ఎర్రర్ అని ఆగిపోతాయి. పంప్ అని ఉన్నదానికి పెడితే సాధారణంగా పూర్తి వేగంతోనే నడుస్తుంది. మామూలు బోర్డుల్లో ఒక్కో చోట 1 ఆంపియర్ దాకా తట్టుకుంటుంది. మూడు చిన్న ఫ్యాన్లు కలిపి 0.3 ఆంపియర్ దగ్గర తీసుకుంటాయి కాబట్టి ఇబ్బంది రాదు. ఖాళీ పిన్నులు లేకపోతే వై ఆకారపు కేబుల్ కొని వెనక ఫ్యాన్‌తో కలిపి పెట్టవచ్చు. రెండు కొమ్మల్లో ఒకదానికే వేగం తీగ ఉండేది చూసి తీసుకోండి, లేదంటే బోర్డు పిచ్చి అంకెలు చూపిస్తుంది.

సాటా పవర్‌తో (ఎస్ఎంపీఎస్ నుంచి హార్డ్‌డిస్కులకు వచ్చే వైరుతో) నడిచే ఫ్యాన్ హబ్బుల, అంటే ఒకేచోట చాలా ఫ్యాన్లు పెట్టుకునే పెట్టెల, గురించి ఒక జాగ్రత్త. వాటిలో చాలావరకు పీడబ్ల్యూఎమ్ సంకేతాన్ని పంచిపెట్టేవే. మూడు పిన్నుల ఫ్యాన్ పెడితే మళ్లీ పాత కథే, పూర్తి వేగం. మీ ర్యామ్ ఫ్యాన్ మూడు పిన్నులదైతే హబ్బు మీద డబ్బు పెట్టకండి. ముందు ప్యానెల్‌లో బిగించే, గుండ్రటి నాబ్ తిప్పే పాత కంట్రోలర్లు ఈ పనికి చక్కగా సరిపోయేవి. కానీ డీవీడీ డ్రైవు పెట్టే చోటే లేని ఇప్పటి క్యాబినెట్లలో వాటిని పెట్టే వీలు లేదు.

వేగం తగ్గించే దారుల్లో ఏది మంచిది

బయోస్ మొదటి ఎంపిక, దీనికి రెండో మాట లేదు. అసుస్ బోర్డుల్లో క్యూ-ఫ్యాన్, గిగాబైట్‌లో స్మార్ట్ ఫ్యాన్, ఆజ్‌రాక్‌లో ఫ్యాన్-టాస్టిక్ అంటూ పేర్లు వేరైనా లోపల ఉండేది ఒకటే గీత. ఖర్చు లేదు, వైరు కోయక్కర్లేదు, నచ్చకపోతే వెనక్కి తీసుకోవచ్చు. పీసీ ఆన్ అయ్యేటప్పుడు చాలా బోర్డులు కాసేపు నిండు వోల్టేజి ఇస్తాయి కాబట్టి ఫ్యాన్ తిరగడం మొదలుపెట్టలేక ఆగిపోయే సమస్య కూడా తక్కువ.

ఇక్కడ ఒక చిక్కుంది. బయోస్ ఆ గీతను ప్రాసెసర్ ఉష్ణోగ్రతను బట్టి నడపడం మామూలు. ప్రాసెసర్ వేడి బ్రౌజర్ తెరిస్తే ఎగురుతుంది, మూస్తే దిగుతుంది. చిన్న ఫ్యాన్ దానితో పాటు పైకీ కిందికీ ఊగుతుంటే, నిలకడగా మోగే ఫ్యాన్ కంటే ఎక్కువ చిరాకు. ర్యామ్ వేడి అంత తొందరగా మారదు. కాబట్టి గీతను మదర్‌బోర్డు ఉష్ణోగ్రతకు కట్టండి, లేదా గీతే లేకుండా 50, 60 శాతం దగ్గర నిలకడగా పెట్టేయండి. నేనైతే రెండోదే చేస్తాను. డీడీఆర్5 ఉన్నవాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. విండోస్‌లో ఫ్యాన్‌కంట్రోల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్, బోర్డు సహకరిస్తే, ర్యామ్ సెన్సార్‌ను బట్టే ఫ్యాన్‌ను నడపగలదు.

పాత బోర్డుల్లో, ముఖ్యంగా డీడీఆర్2, డీడీఆర్3 కాలపు చౌక బోర్డుల్లో, ప్రాసెసర్ ఫ్యాన్‌కు తప్ప దేనికీ వేగ నియంత్రణ ఉండదు. అప్పుడు రెండో ఎంపిక తక్కువ మోత అడాప్టర్. చూడటానికి జానెడు కేబుల్, లోపల ఒక రెసిస్టర్. నోక్టువా అనే ఫ్యాన్ల కంపెనీ తన 40 మిల్లీమీటర్ల ఎన్ఎఫ్-ఏ4ఎక్స్10 ఎఫ్ఎల్ఎక్స్ ఫ్యాన్‌తో ఇలాంటిది పెట్టెలోనే ఇస్తుంది. దాంతో వేగం 4500 చుట్ల నుంచి 3700కు దిగుతుంది. అయితే ఒక ఫ్యాన్ కోసం చేసిన అడాప్టర్‌ను మూడు ఫ్యాన్ల ఫ్రేముకు పెడితే లెక్క మారిపోతుంది. కరెంటు ఎక్కువ లాగినకొద్దీ రెసిస్టర్ ఎక్కువ వోల్టేజి మింగేస్తుంది, ఫ్యాన్లు తిరగకుండా నిలబడిపోవచ్చు.

చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉన్నవాళ్లు సొంతంగా చేసుకోవచ్చు. ఫ్రేము మీద మొత్తం 0.3 ఆంపియర్ అని ఉంటే, 7 వోల్టుల దగ్గర అది సుమారు 0.18 ఆంపియర్ తీసుకుంటుంది. 12 నుంచి 7కు దించడానికి 5 వోల్టులు పోవాలి. ఐదును 0.18తో భాగిస్తే 28 ఓమ్‌లు వస్తుంది, షాపులో దొరికేది 27. వేడి లెక్క మరిచిపోకండి. రెసిస్టర్‌లో దాదాపు 0.9 వాటు పోతుంది కాబట్టి 2 వాట్లది తీసుకోవాలి. పావు వాటుది పెడితే మాడిపోతుంది. దీన్ని 12 వోల్టుల తీగకే పెట్టి, పైన వేడికి తట్టుకునే స్లీవ్ తొడగాలి.

రెసిస్టర్ కంటే నాకు నచ్చేది డయోడ్ల వరస. 1ఎన్4007 డయోడ్ ఒక్కొక్కటి 0.7 వోల్టు దగ్గర తగ్గిస్తుంది. ఐదు వరసగా పెడితే 3.5 వోల్టులు తగ్గి ఫ్యాన్‌కు 8.5 అందుతాయి. తిరగడం మొదలుపెట్టే క్షణంలో ఫ్యాన్ ఎక్కువ కరెంటు అడుగుతుంది. రెసిస్టర్ సరిగ్గా అప్పుడే ఎక్కువ వోల్టేజి మింగుతుంది, డయోడ్ మాత్రం ఇంచుమించు అంతే తగ్గిస్తుంది. ఖరీదు రూపాయల్లోనే. హైదరాబాద్ వాళ్లకు కోఠీ గుజరాతీ గల్లీలో ఈ సామాను దొరకడం కష్టం కాదు.

చివరగా ఎస్ఎంపీఎస్ నుంచి నేరుగా ఇచ్చే పద్ధతి, అంటే పాత హార్డ్‌డిస్కులకు వాడిన నాలుగు పిన్నుల మోలెక్స్. అందులో పసుపు తీగ 12 వోల్టులు, ఎరుపు 5, మధ్యలో ఉన్న రెండు నలుపు తీగలు గ్రౌండ్. మూడు రంగుల తీగలున్న ఫ్యాన్లలో మాత్రం సాధారణంగా ఎరుపే 12 వోల్టులది, పసుపు వేగం చెప్పేది. రంగుకు రంగు కలిపితే తప్పు. నల్ల తొడుగు వేసిన ఫ్యాన్లలో రంగు కూడా కనబడదు, కనెక్టరు గాడిని చూసే పిన్నులు పోల్చుకోవాలి.

ఫ్యాన్‌ను మోలెక్స్ 5 వోల్టుల మీద పెట్టడంలో ప్రమాదం లేదు, మోత దాదాపు మాయమవుతుంది. కాకపోతే కొన్ని చిన్న ఫ్యాన్లు 5 వోల్టులకు అసలు కదలవు. ఇంకొన్ని ఈరోజు కదిలి, దుమ్ము పట్టాక ఒకరోజు మొరాయిస్తాయి. వేగం చెప్పే తీగ కూడా ఉండదు కాబట్టి ఆగిపోయిన సంగతి మీకు తెలియదు. చల్లగా ఉన్న పీసీని చాలాసార్లు ఆన్ చేసి, ప్రతిసారీ తిరుగుతోందని చూసుకున్నాకే దీన్ని నమ్మాలి.

7 వోల్టుల చిట్కా మాత్రం వద్దు. 12 వోల్టులకూ 5 వోల్టులకూ మధ్య ఫ్యాన్‌ను కడితే తేడా 7 వస్తుందన్నది దీని వెనకున్న తెలివి. ఇంటర్నెట్‌లో పాత కాలం నుంచీ తిరుగుతోంది. కానీ ఫ్యాన్ నుంచి వచ్చే కరెంటు గ్రౌండుకు కాకుండా 5 వోల్టుల లైనులోకి వెళ్తుంది. ఆ లైను కరెంటు ఇవ్వడానికి చేసింది, తీసుకోవడానికి కాదు. ఫ్యాన్ లోపల షార్ట్ అయిందంటే 12 వోల్టులు నేరుగా 5 వోల్టుల లైను మీద పడతాయి. సాటా ఎస్ఎస్‌డీలు నడిచేది ఆ లైను మీదే. చిన్న ఫ్యాన్ మోత కోసం ఎస్ఎస్‌డీలో ఉన్న పెళ్లి ఫొటోలను పందెం కాయడం ఎందుకు?

నూనె వేయాలా, కొత్తది కొనాలా

గరగర శబ్దం వస్తున్న స్లీవ్ బేరింగ్ (బాల్స్ లేకుండా ఇరుసు గొట్టంలో తిరిగే రకం) ఫ్యాన్‌కు నూనె వేస్తే కొన్నాళ్లు కుదుటపడుతుంది. వెనక స్టిక్కరు సగం లేపి, కింద రబ్బరు బిరడా ఉంటే తీసి, కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వేసి, స్టిక్కరు తిరిగి అతికించాలి. చుక్క ఎక్కువైతే బయటికి చిమ్మి దుమ్మును పట్టేస్తుంది. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె వేయకండి. అది 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టే సరుకు, తర్వాత జిగురుగానూ మారుతుంది. తుప్పు వదిలించే స్ప్రేలు కూడా వద్దు, ఉన్న కాస్త నూనెనూ కరిగించి పోతాయి. బ్లోయర్‌తో దుమ్ము దులిపేటప్పుడు రెక్కలను వేలితో పట్టి ఉంచండి. గాలి ఒత్తిడికి అవి ఇష్టం వచ్చినట్టు తిరిగితే ఆరిన బేరింగ్ ఇంకా పాడవుతుంది.

నూనె వేయడం నా లెక్కలో కొత్త ఫ్యాన్ వచ్చేదాకా రోజులు నెట్టుకొచ్చే ఏర్పాటే. ఒకసారి అరిగిన బేరింగ్ మళ్లీ గుండ్రంగా మారదు. బాల్ బేరింగ్ ఫ్యాన్‌కు ఈ వైద్యం పెద్దగా పనిచేయదు కూడా. ఫ్రేములోని ఫ్యాన్లు 40 మిల్లీమీటర్లవైతే మంచి బేరింగ్ ఉన్న ఫ్యాన్లు విడిగా దొరుకుతాయి, పాతవి విప్పి వాటి చోట బిగించవచ్చు. కొనేముందు మందం కొలవండి, 10 మిల్లీమీటర్లవీ ఉన్నాయి, 20వీ ఉన్నాయి. మూడు మంచి ఫ్యాన్ల ఖరీదు కలిపితే మాత్రం ఇంకో ఆలోచన రావాలి.

అదే పెద్ద ఫ్యాన్. 40 మిల్లీమీటర్ల ఫ్యాన్‌తో పోలిస్తే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ విస్తీర్ణం తొమ్మిది రెట్లు. 700, 800 చుట్ల దగ్గర తిరిగినా స్టిక్కుల మీద గాలి ఆడుతుంది, అడుగు దూరంలో వినపడదు. లిక్విడ్ కూలర్ ఉన్న పీసీలో ప్రాసెసర్ చుట్టూ చోటు ఖాళీగానే ఉంటుంది కాబట్టి ఇది బాగా కుదురుతుంది. గ్రాఫిక్స్ కార్డు మీదా మదర్‌బోర్డు మీదా ఆనకుండా, క్యాబినెట్ ఫ్రేముకు కేబుల్ టైలతో రెండు చోట్ల కట్టి, ర్యామ్ వైపు కొంచెం వాల్చితే చాలు. చూడటానికి అందంగా ఉండదు, ఒప్పుకుంటాను. గాజు పలక ఉన్న క్యాబినెట్ వాళ్లకు అది నచ్చకపోతే ముందు ప్యానెల్‌లో పైన ఉన్న ఫ్యాన్ చోటు ఖాళీగా ఉందేమో చూడండి. అక్కడ పెట్టిన ఫ్యాన్ గాలి చాలా క్యాబినెట్లలో సూటిగా ర్యామ్ దగ్గరికే వస్తుంది. టవర్ కూలర్ ఉన్నవాళ్లకు చోటు దొరకదు, వాళ్లకు అవసరమూ తక్కువే.

కాబట్టి డబ్బు పెట్టాల్సి వస్తే నా వరస ఇది: పాత డీడీఆర్2, డీడీఆర్3 పీసీ అయితే పైసా పెట్టకుండా ఫ్యాన్ తీసి పరీక్షించండి, ఓవర్‌క్లాక్ ఉంటే దాన్ని కూడా తీసేయండి. డీడీఆర్4 గేమింగ్ పీసీ అయితే డబ్బును ర్యామ్ ఫ్యాన్ మీద కాకుండా క్యాబినెట్ ముందు ఫ్యాన్ మీద పెట్టండి, గ్రాఫిక్స్ కార్డుకు కూడా ఉపయోగం. డీడీఆర్5ను మరీ పిండుతున్నవాళ్లు 120 మిల్లీమీటర్ల పీడబ్ల్యూఎమ్ ఫ్యాన్ ఒకటి తీసుకుని ర్యామ్ సెన్సార్‌కు కట్టండి. రెండు 60 మిల్లీమీటర్ల ఫ్యాన్ల కొత్త ఫ్రేములు వాళ్లకు రెండో ఎంపిక. అది కూడా సగం వేగంలో నడిపేటట్టయితేనే.

ఏ దారి ఎంచుకున్నా, పరీక్ష ఏ నెలలో చేశారో గుర్తుంచుకోండి. జనవరిలో 22 డిగ్రీల గదిలో మీ ర్యామ్ 48 చూపిస్తే, మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో ఏసీ లేని 38 డిగ్రీల గదిలో అదే పని చేస్తే 64 దాకా చూపిస్తుంది. గది ఎంత వేడెక్కితే స్టిక్కు ఇంచుమించు అంత వేడెక్కుతుంది. మామూలు సెట్టింగుల్లో 64 అయినా ఫర్వాలేదు, టీఆర్ఈఎఫ్ఐ పెంచినవాళ్లకు మాత్రం కుదరదు. బయోస్‌లో ప్రొఫైళ్లు దాచుకునే వీలుంటే చలికాలానికి ఒకటి, ఎండలకు ఒకటి దాచుకోండి. ఏప్రిల్‌లో రెండోదానికి మారండి. అప్పటికి సీలింగ్ ఫ్యాన్ మళ్లీ తిరుగుతూ ఉంటుంది కాబట్టి ర్యామ్ ఫ్యాన్ వేగం కొంచెం పెరిగినా మీ చెవికి తెలియదు.